నలభై అవునులు

నేను ఎక్కువ మాట్లాడను. అదొక గొప్పతనమని చాలా ఏళ్లు అనుకున్నాను. ఉత్తరాది మంచు అడవుల్లో మా లిక్సెలె వైపు మగవాళ్లలో సగంమందికి ఉన్న గొప్పతనం ఇదొక్కటే. మా నాన్న అడవిలో ఒకే మనిషితో పదకొండేళ్లు రంపానికి చెరో కొస పట్టుకుని చెట్లు కోశాడు. ఆ మనిషి పోయాక ఇంటిపేరేమిటని పాస్టరు అడిగితే తెలీదన్నాడు. అడగాల్సిన అవసరం రాలేదట. అలాంటివాడి కొడుకుని నేను. మాట్లాడే యంత్రాన్ని పరీక్షించడానికి మూడు దేశాలు వెతికి వెతికి నన్ను పట్టుకున్నాయి.

నా పేరు సిక్స్టెన్ బూర్‌స్త్రోమ్. వయసు యాభై ఏడు. ఉత్తరాది ఊళ్ల నుంచి రోగుల్ని ఉమెయో పెద్దాసుపత్రికి చేర్చే చిన్న విమానం నడుపుతాను. ముందు నేనొక్కణ్ణే. వెనక స్ట్రెచరు, రోగి, నర్సు గున్‌వొర్. ఇరవై రెండేళ్లుగా గున్‌వొరే. ఆమె మాట్లాడుతుంది, నేను నడుపుతాను. పని అలా పంచుకున్నాం. ఒంటరిగా నడిపే పైలట్‌కి అరవై నిండితే ఇక ఇంటికే. అంటే నాకింకా మూడేళ్లున్నాయి. ఆ మూడేళ్లూ నాకు కావాలి. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేను. పొద్దున్నే షెడ్డు తలుపు నెడితే చలిలో గుప్పుమనే ఇంధనం వాసన కోసమనుకోండి.

ఫిబ్రవరిలో లిన్‌షోపింగ్ పరిశోధనశాల నుంచి ఉత్తరం వచ్చింది. ఒంటరి పైలట్‌కి తోడుగా ఉండే కృత్రిమ మేధ సహాయకుణ్ణి తయారుచేస్తున్నారట. చెవీ నోరూ లిన్‌షోపింగ్‌లో మావాళ్లవి. పైలట్ ఒంట్లో ఎలా ఉందో కనిపెట్టే భాగం జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ వాళ్లది. ఆ రెండూ విని ఏం చెయ్యాలో తేల్చే బుర్ర స్పెయిన్‌లో సెవిల్లే వాళ్లది. దానికి కొంపిస్ అని పేరు పెట్టారు. మా భాషలో నేస్తం అని అర్థం. ‘మీవంటి అనుభవజ్ఞుల సహకారం ఎంతో విలువైనది’ అని రాశారు. అనుభవజ్ఞుల అన్న చోట నేను రెండుసార్లు చదివాను. అక్కడే పడిపోయాను.

గున్‌వొర్ ఉత్తరం లాక్కుని చదివింది.

"నిన్నా? మాట్లాడే యంత్రం ముందు నిన్ను కూర్చోబెడతారా? వాళ్లకి గోడలు లేవా అక్కడ?"

"మూడు రోజులే."

"మూడు రోజుల్లో నువ్వు నాలుగు మాటలంటావు. అందులో రెండు వాతావరణం గురించి. పాపం ఆ యంత్రం. నేనైతే అలవాటుపడ్డాను."

మార్చిలో వెళ్లాను. ఒక పెద్ద గదిలో విమానం ముందుభాగం కోసి తెచ్చి పెట్టినట్టు ఒక డబ్బా. లోపల నా విమానంలో ఉన్నవే గడియారాలు, పిడులు. అద్దం బయట తెరమీద ఉమెయో రన్‌వే, నది, మంచు. ఛాతీకి ఒక పట్టీ కట్టారు. ఊపిరి లెక్కపెట్టేది. గుండెని లెక్కపెట్టే పట్టీ కూడా ఉందట గానీ దానికింకా అనుమతి రాలేదట. చెవి దగ్గర మైకు. ఎదురుగా కెమెరా.

పట్టీ కట్టింది సిగ్రిడ్. కొంపిస్ చెవులకి తల్లి ఆవిడే. మనిషి గొంతు మీద ఏడేళ్లు చదివింది. పేరు పక్కన ఊరు చూసి అడిగాను.

"బూర్త్రెస్క్?"

"అవును."

"చీజు ఊరు."

"అవును. లిక్సెలె?"

"అవును."

అంతటితో మా పరిచయం పూర్తయింది. ఇద్దరికీ చాలా తృప్తిగా ఉంది.

కొంపిస్ గొంతు మర్యాదగా ఉంటుంది. అదే నాకు పడలేదు. మా దేశంలో మంత్రినైనా నువ్వనే అంటాం. అది నన్ను మీరు అనేది. సెవిల్లే వాళ్లు నేర్పిన మర్యాద. ‘మీరు ఎత్తు సరిచూసుకున్నారా?’ అని అడిగేది. అవునన్నాను. ‘మీరు రెండో ట్యాంకు తెరిచారా?’ అవునన్నాను. మొదటి రెండు రోజులు మూడు దేశాల ముక్కలూ విడివిడిగా పనిచేశాయి. అడగడం, వినడం, రాసుకోవడం, అంతే. నా జవాబుకి అదేమనుకుంటోందో నాకు తెలీదు. అయినా బాగానే సాగుతోందనుకున్నాను. రెండో రోజు సాయంత్రం గున్‌వొర్‌కి ఫోన్ చేసి చెప్పాను కూడా.

"ఎలా ఉంది నీ కొత్త నేస్తం?"

"బాగా కుదిరింది."

"అమ్మో! రెండు మాటలు! పెళ్లెప్పుడు?"

మూడో రోజు పొద్దున్న మూడు ముక్కల్నీ మొదటిసారి కలిపారు. బ్రౌన్‌ష్వైగ్ నుంచి ఓల్మన్ అనే డాక్టరు స్వయంగా వచ్చాడు. నెమ్మదైన మనిషి, లావుపాటి కళ్లద్దాలు. నన్ను బూర్‌స్త్రోమ్ గారూ అంటాడు. సెవిల్లే నుంచి రెమెదియోస్ అనే ఇంజినీరు గోడమీది తెరలో కూర్చుంది. ఈసారి అవసరమైతే కొంపిస్ విమానాన్ని తన చేతుల్లోకి తీసుకోవచ్చు. అలాంటి అవసరం రాదని నేను నవ్వుకున్నాను.

ఉమెయో దగ్గరికొస్తున్నాం. పక్కగాలి. రోగి ఉన్నట్టు లెక్క. నేను గాలితో పెనుగులాడుతున్నాను.

"మీరు చక్రాలు దించారా?" అంది కొంపిస్.

అవునన్నాను.

"జవాబు అందలేదు. మీరు చక్రాలు దించారా?"

దీనికి చెవుడనుకున్నాను. ఇంకాస్త గట్టిగా అవునన్నాను.

"సిక్స్టెన్, మీకు ఒంట్లో బాగుందా?"

బాగానే ఉంది, విసుగే ఎక్కువగా ఉంది. ఆ విసుగంతా పెట్టి, జీవితంలో ఎన్నడూ అననంత పొడుగ్గా అవునన్నాను.

"పైలట్ స్పృహ తప్పుతున్నాడు," అని కొంపిస్ కంట్రోల్ టవర్‌కి చెప్పింది. "విమానం నా అధీనంలోకి తీసుకుంటున్నాను. రన్‌వే దగ్గరికి అంబులెన్సు పంపండి."

పిడి నా చేతిలోంచి తనంతట తానే జరిగింది. మొదట లాగాను. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రాయిలా ఆరోగ్యంగా ఉన్న శవాన్ని ఒకదాన్ని కొంపిస్ ఎంతో జాగ్రత్తగా కిందికి దింపింది. ఇక్కడొక సంగతి రాయకపోతే అబద్ధమవుతుంది. ఆ పక్కగాలిలో అది దింపినంత మెత్తగా నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా దింపలేదు.

డబ్బాలోంచి దిగేసరికి ఓల్మన్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తాను ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో కాగితాలు.

"బూర్‌స్త్రోమ్ గారూ, ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది. ఈ మూడు రోజుల్లో మీరు నలభై ఒక్కసార్లు ఉన్నట్టుండి ఊపిరి ఎగబీల్చారు. మామూలు మనిషి అలా పీల్చడు. గాలి అందనివాడు పీలుస్తాడు."

"నేనా?"

"మీరే. ఇది నేను దాచుకోవడానికి వీల్లేదు. మీరు నిజమైన విమానం నడుపుతున్నారు, నిజమైన రోగులతో. మీకు వైద్య ధ్రువపత్రం ఇచ్చే డాక్టరుకి రాయడం మా నియమం. ఆయన తేల్చేదాకా మీరు ఎగరకూడదు."

నా మూడేళ్లు ఆ కాగితం మీద పడుకుని ఉన్నాయి. కొంపిస్ నా కొంప ముంచిందనుకున్నాను. పైకేమీ అనలేదు. అనడం నాకు రాదు కదా.

సిగ్రిడ్‌కి కోపమొచ్చింది. ఉత్తరాదివాళ్ల కోపం, గొంతు లేవదు. కళ్లు చిన్నవవుతాయంతే.

"స్పృహ తప్పడమేమిటి? అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, ప్రతి జవాబూ చేత్తో రాసుకున్నాను. చూడండి. ఇవాళ తొమ్మిది పద్నాలుగు, అవును. తొమ్మిది ఇరవై, అవును. చివర్లో మూడుసార్లు, అవును, అవును, అవును."

"నా దగ్గర ఆ మూడుసార్లూ నిశ్శబ్దం అని ఉంది," అంది తెరలోంచి రెమెదియోస్. "తొమ్మిది పద్నాలుగు కూడా నిశ్శబ్దమే. సిగ్రిడ్, నీ యంత్రమే కదా నాకు పంపింది?"

"నా దగ్గర అన్నిచోట్లా ఎగబీల్చడం అని ఉంది," అన్నాడు ఓల్మన్.

ఒకే మనిషి, ఒకే క్షణం. మూడు దేశాల్లో మూడు రకాలుగా రాసుంది. ఓల్మన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని నన్నే అడిగాడు.

"బూర్‌స్త్రోమ్ గారూ, మీరు నిజంగా జవాబు చెప్పారా?"

అవునన్నాను.

ఓల్మన్ కుర్చీ వెనక్కి పడిపోయింది. ఒక్క గంతులో వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. "చూశారా! ఇప్పుడే! మీ కళ్లముందే! నీళ్లు తెండి, కిటికీ తియ్యండి!"

"ఏం చూశాం?" అంది సిగ్రిడ్.

"ఎగబీల్చాడు!"

"అవునన్నాడు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. మీరు అడిగారు, తను అవునన్నాడు. వినలేదా?"

"మీరు విన్నారా?"

సిగ్రిడ్ అవునంది.

ఓల్మన్ నా మణికట్టు వదిలేశాడు. ఆమెని చూశాడు. నన్ను చూశాడు. పడిపోయిన కుర్చీని లేపి, నెమ్మదిగా దానిమీద కూర్చున్నాడు. "మళ్లీ అనండి," అన్నాడు. సిగ్రిడ్ మళ్లీ అంది. "ఇప్పుడు మీరు," అన్నాడు నాతో. నేనూ అన్నాను.

అప్పుడు నేను వినపడ్డాను నాకు. యాభై ఏడేళ్లలో మొదటిసారి. పెదాలు ముందుకు పెట్టి, పొగలు కక్కే కాఫీ మొదటి గుక్క జుర్రినట్టు, చుప్పున గాలి లోపలికి పీల్చాను. మాటంటూ లేదు. గొంతు లేదు. నేను అవును అంటున్నాననే అనుకుంటున్నాను. మా నాన్న అలాగే అనేవాడు. బడిలో టీచరు అలాగే అనేది. పెళ్లిలో పాస్టరుకి నేనలాగే జవాబు చెప్పాను. దక్షిణాదివాళ్లు మమ్మల్ని ఇలా పీలుస్తామని వెక్కిరిస్తారు. అది ఒట్టి వెక్కిరింత అనుకున్నాను తప్ప వార్త అనుకోలేదు. గొంతు మీద ఏడేళ్లు చదివిన సిగ్రిడ్ కూడా వింటూ వింటూ ‘అవును’ అని రాసుకుంటూ పోయిందే గానీ, ఆ చప్పుడు ఆమె చెవిన పడలేదు. ఆమె ముఖం బీట్‌రూట్ రంగులోకి మారింది.

"నా యంత్రానికి ఆ శబ్దం నేర్పనేలేదు," అంది. "అది ఒక శబ్దమని నాకే తెలీదు."

రెమెదియోస్ తెరలోంచి మాయమైంది. కుర్చీ కిందికి జారి నవ్వుతోందని తర్వాత అర్థమైంది. "మా అమ్మ ఎలకని చూస్తే అలా అంటుంది," అంది పైకి లేచి, కళ్లు తుడుచుకుంటూ. "అంటే ఈయన ఒప్పుకున్న ప్రతిసారీ నా బుర్ర ఈయన పోతున్నాడనుకుంది! మీ ఊళ్లో పంచాయతీ సమావేశం పెడితే నేను పాతిక హెలికాప్టర్లు పంపాలి!"

నేనూ నవ్వాను, సిగ్రిడ్ కూడా నవ్వింది. నా మూడేళ్లు లేచి, దుమ్ము దులుపుకుని, నా దగ్గరికి నడిచొస్తున్నాయి. ఓల్మన్ కలం మూత తీశాడు. కాగితం అడుగున ‘భాషాపరమైన అలవాటు, ఆరోగ్య సమస్య కాదు’ అని రాయబోయి ఆగాడు.

"సిగ్రిడ్, మీ లెక్కలో అవునులు ఎన్ని?"

సిగ్రిడ్ వేలితో లెక్కపెట్టింది. "నలభై."

"నా దగ్గర నలభై ఒకటి ఉన్నాయే."

"తేడా ఎక్కడ?"

"రెండో రోజు, పది నలభై రెండు." ఆయన భుజాలెగరేశాడు. "పట్టీ జారి ఉంటుంది. మూడు రోజుల్లో ఒకటి తప్పడం పెద్ద విషయం కాదు. దాన్నీ అవునులో కలిపేద్దాం. ఈ నలభై ఒకటీ కొంపిస్‌కి పాఠంగా పెడదాం, ఇక ఎప్పటికీ పొరబడకుండా."

రెండో రోజు పది నలభై రెండుకి ఎవరూ నన్నేమీ అడగలేదు. గాలి లేదు. ఎత్తు మారలేదు. తెరమీద మంచుకొండలు ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా వెనక్కి పోతున్నాయి. అప్పుడు ఛాతీలో మెట్టు లేనిచోట కాలు పడ్డట్టయి, ఊపిరి ఎగబీల్చాను. ఒక్క క్షణం. మళ్లీ మామూలే. నవంబరు నుంచి అది మూడోది. జనవరిలో ఇంటిముందు మంచు తీస్తుంటే ఒకటి వచ్చింది. అన్నిటికంటే మొదటిది సోర్సెలె ఊరి పైన, నాలుగువేల మీటర్ల ఎత్తులో, వెనక తుంటి విరిగిన ముసలావిడ ఉండగా, గున్‌వొర్ ఆవిడకి కబుర్లు చెబుతుండగా వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మాట్లాడని మనిషికి ఇదో సౌకర్యం. దాస్తున్నాడని ఎవరూ అనుకోరు.

ఇప్పుడూ నేను చెయ్యాల్సిందేమీ లేదు. నోరు మూసుకోవాలి, అంతే. ప్రపంచంలో నాకు బాగా చేతనైన పని అదొక్కటే.

నాలో మంచితనం పొంగిందని అనుకోకండి. సిగ్రిడ్ నవ్వడం ఆపేసింది. తన కాగితం చూసుకుంది, తర్వాత నన్ను చూసింది. ఏమీ అడగలేదు. దక్షిణాదివాళ్లయితే అడిగేవారు. నేను అబద్ధం చెప్పి బయటపడేవాణ్ణి. అడగకుండా చూస్తే ఏం చెయ్యాలో మా నాన్న నాకు నేర్పలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఈ కాగితం కొంపిస్‌కి పాఠం కాబోతోంది. గుండె తడబడితే ‘సరే, అవునన్నాడు’ అని అది నేర్చుకుంటుంది. ఎప్పుడో, ఎక్కడో, నాలాంటి మొండివాడొకడు పిడిమీదికి ఒరిగిపోతుంటాడు. పక్కనున్న నేస్తం మర్యాదగా, ‘మంచిది, చక్రాలు దించారన్నమాట’ అంటుంది. అది నా అవును అవుతుంది.

ఓల్మన్ కలం కాగితాన్ని తాకింది.

"అది కాదు," అన్నాను.

నోటితోనే అన్నాను. గాలి బయటికి వదిలి. ముగ్గురూ నావైపు తిరిగారు.

"ఏది కాదు?" అన్నాడు ఓల్మన్.

"పది నలభై రెండుది. అది అవును కాదు. పట్టీ కూడా జారలేదు."

ఆయన కలానికి మూత పెట్టేశాడు. తొందరపెట్టలేదు. కాగితాలు పక్కన పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని, "చెప్పండి," అన్నాడు. తెరలో రెమెదియోస్ కూడా కదలకుండా కూర్చుంది. చెప్పాను. మొత్తం నాలుగు వాక్యాలు పట్టింది. చివరికి చెమటలు పట్టాయి, కొండెక్కి దిగినవాడిలా.

ఉమెయోలో వైమానిక డాక్టరు గుండెకి తీగలు కట్టి రెండు రోజులు చూశాడు. లయ తప్పుతోందన్నాడు. మందులున్నాయట. తొడలోంచి తీగ పంపి గుండెలో చిన్నచోట కాల్చే పద్ధతి కూడా ఉందట. అయ్యాక ఆర్నెల్లు చూడాలట. నా ధ్రువపత్రం తీసి సొరుగులో పెట్టాడు. మెల్లగా పెట్టాడు, మంచివాడు. చేతులు నా ఒళ్లో ఉన్నాయి. పిడి నా చేతిలోంచి రెండోసారి జరిగిపోవడం చూశాను. ఈసారి లాగలేదు.

నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి గున్‌వొర్ కారు తెచ్చింది. ఆసుపత్రి వరండాలో ఆమెకి అంతా చెప్పాను. అవునుల కథ ముందు చెప్పాను. నవ్వించి అసలుది చెబుదామని. నవ్వింది కూడా, గోడకి ఆనుకుని మరీ. తర్వాత అసలుది చెప్పాను.

"మొదటిది ఎప్పుడన్నావు?"

"నవంబరులో. సోర్సెలె పైన."

"తుంటి విరిగిన ఆవిడ ఉన్నరోజా?"

తలూపాను. ఆమె తాళాలు తీసుకుని నడిచింది.

ఉమెయో నుంచి లిక్సెలెకి నూట ముప్పై కిలోమీటర్లు. మొదటి యాభై కిలోమీటర్లలో గున్‌వొర్ ఒక్క మాట మాట్లాడలేదు. ఇరవై రెండేళ్లలో అలాంటిది జరగలేదు. మాటల్లేకుండా ఉండటం నాకిష్టమని నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి. అది నా నోరు గురించి. అవతలివాళ్ల నోరు మూతపడితే ఎలా ఉంటుందో నాకు తెలీదు. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. రోడ్డు పక్కన రెయిన్‌డీర్లు నిలబడి చూస్తున్నాయి. మామూలుగా అయితే వాటిమీద పది కిలోమీటర్లు మాట్లాడేది.

"గున్‌వొర్," అన్నాను.

ఆమె వైపర్ల వేగం పెంచింది.

"చెప్పాల్సింది."

"ఎవరు?"

"నేను."

"ఎవరికి?"

"నీకు."

"ముక్కలు ముక్కలుగా ఇవ్వకు. నేనేం కుక్కపిల్లనా? ఒక వాక్యం చెప్పు. నిండు వాక్యం. కర్త, కర్మ, క్రియ అన్నీ ఉండాలి."

ఒక లారీ దాటిపోయేదాకా ఆలోచించాను. లోపల కూర్చి పెట్టుకుని, రెండుసార్లు సరిచూసుకుని, అప్పుడు పైకి చెప్పాను.

"నా గుండె తడబడిన రోజే నేను నీకు చెప్పి ఉండాల్సింది, ఎందుకంటే వెనక నువ్వు కూర్చుని ఉన్నావు."

గున్‌వొర్ గేరు మార్చింది. ముక్కు గట్టిగా ఎగబీల్చింది. అది అవును కాదని నాకు తెలుసు.

"ఎందుకు చెప్పలేదు?"

"ఆపేస్తారని."

"నేను ఆపేదాన్నా?"

"నువ్వే మొదట ఆపేదానివి."

"ఆపేదాన్నే. అందుకే చెప్పాలి, బండరాయీ." కిటికీ అద్దం కొంచెం దించింది, మళ్లీ ఎత్తింది. "ఇప్పుడేమంటున్నారు?"

"సెప్టెంబరులో చూస్తామన్నారు."

"ఏం చూస్తారు? ఎవరు చూస్తారు? తీగ పంపుతారా, మందులా? నొప్పుంటుందా? రాత్రిళ్లు ఒక్కడివీ ఉండొచ్చా? అన్నీ అడిగావా, కాఫీ తాగినట్టు జుర్రుకుంటూ కూర్చున్నావా?"

అడిగాను. నిజంగా అడిగాను, చీటీ మీద రాసుకుని మరీ. చీటీ జేబులోంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నాను. ఇంకా ఎనభై కిలోమీటర్లుంది. మొదటి ప్రశ్న నుంచి చెప్పడం మొదలుపెట్టాను.